అగ్నివలయంలో ఆజ్యం పోసేది నీళ్లే

జపాన్‌లో భూమి కంపించినా, చిలీలో కంపించినా, ఇండోనేషియాలో ఏదో ఒక కొండ బూడిద కక్కినా మన టీవీల్లో కింద పరుగెత్తే లైను ఒకటే: 'అగ్నివలయం మళ్లీ రగులుతోంది'. ఆ మాట వింటే పసిఫిక్ సముద్రం కింద పెద్ద పొయ్యి ఏదో ఉందనీ, ఒక మూల రాజుకుంటే మంట చుట్టూ పాకుతుందనీ అనిపిస్తుంది. అదే మాట వాట్సాప్‌కు ఎక్కేసరికి టెన్షన్ రెట్టింపవుతుంది. నిజానికి అక్కడ అలాంటి పొయ్యి లేదు. ఆ కొండల్ని పుట్టించేదీ, పేల్చేదీ, చాలాసార్లు మనుషుల ప్రాణాలు తీసేదీ నీరే. ఈ సంగతి తెలిస్తే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తేలుతుంది.

ముందు ఆకారం. అది పూర్తి వలయం కూడా కాదు, గుర్రపు లాడం. న్యూజిలాండ్ దగ్గర మొదలై టోంగా, ఫిలిప్పీన్స్, జపాన్, కమ్చట్కా, అలాస్కా మీదుగా తిరిగి, రెండు అమెరికాల పడమటి తీరం వెంట చిలీ దాకా దిగుతుంది. పొడవు దాదాపు 40,000 కిలోమీటర్లు. ప్రపంచంలో వచ్చే భూకంపాల్లో సుమారు 90 శాతం ఈ దారిలోనే వస్తాయి.

సముద్రపు అడుగు కూడా రాతి పలకే. అది సముద్రం మధ్యలోని చీలికల దగ్గర వేడివేడిగా పుడుతుంది. కోట్ల ఏళ్లపాటు పక్కకు జరుగుతూ, చల్లబడుతూ, బరువెక్కుతుంది. చివరికి అంచుకు వచ్చి ఎదుటి పలక కిందికి దూరిపోతుంది. దూరే చోట సముద్రంలో లోతైన అగాధం ఏర్పడుతుంది. మెరియానా అగాధం దాదాపు 11 కిలోమీటర్ల లోతు ఉండటానికి కారణం ఇదే. జపాన్ దగ్గర పసిఫిక్ పలక ఏడాదికి 8, 9 సెంటీమీటర్ల చొప్పున ఇలా కిందికి పోతోంది. టోంగా ఉత్తర భాగంలోనైతే 20 సెంటీమీటర్లు దాటుతుంది.

చాలామంది పొరబడేది ఈ తర్వాతి మెట్టు దగ్గర. దిగిన పలక లోపలి వేడికి కరిగి లావాగా పైకి వస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం. కానీ దిగే పలక చల్లనిది. అది వెళ్లిన చోటును చల్లబరుస్తుంది కూడా. మరి రాయి కరగడం ఎలా?

కుల్ఫీ బండిని గుర్తు చేసుకోండి. కుండలో ఐసు ముక్కల మధ్య బండివాడు గుప్పెడు రాళ్లుప్పు వేస్తాడు. పొయ్యి వెలిగించడు, వేడినీళ్లు పోయడు. అయినా ఐసు సున్నా డిగ్రీలకంటే కిందే కరగడం మొదలవుతుంది. ఉప్పు చేసిన పనల్లా ఐసు కరిగే ఉష్ణోగ్రతను తగ్గించడమే. భూమి లోపల నీరు చేసేది సరిగ్గా ఆ పనే. కోట్ల ఏళ్లు సముద్రం అడుగున నానిన పలక, నీటిని తన ఖనిజాల్లోనే బంధించుకుని దిగుతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఒత్తిడికీ వేడికీ ఆ నీరు విడుదలై పైనున్న రాతిలోకి ఎక్కుతుంది. అక్కడి రాయి అప్పటికే వెయ్యి డిగ్రీలు దాటి కాగుతున్నా, పైబరువు కరగనివ్వక గట్టిగా ఉంటుంది. నీరు తగలగానే దాని ద్రవీభవన స్థానం కొన్ని వందల డిగ్రీలు పడిపోతుంది. కొత్తగా వేడి అందకుండానే రాయి కరుగుతుంది. అగ్నిపర్వతాలు అగాధానికి ఆనుకుని కాకుండా, ఒడ్డు నుంచి కొంత లోపలికి, దానికి సమాంతరంగా బారులు తీరడం ఇందువల్లే.

ఇది ఊహేమో అనే అనుమానం సహజం. నన్ను బాగా కదిలించిన రుజువు ఒకటి చెబుతాను. బెరీలియం-10 అనే పరమాణువు ఆకాశంలో కాస్మిక్ కిరణాల తాకిడికి పుడుతుంది, వానతో దిగి సముద్రపు బురదలో చేరుతుంది. సుమారు 14 లక్షల ఏళ్లకే అది సగానికి తగ్గిపోతుంది. కాబట్టి భూమి లోతుల్లో పాతది మిగిలే అవకాశం లేదు. 1980లలో మధ్య అమెరికా, అల్యూషన్ దీవుల లావాల్లో శాస్త్రవేత్తలకు అది దొరికింది. అంటే ఒకనాటి సముద్రపు బురద పాతాళానికి వెళ్లి, కోటి ఏళ్లలోపే కొండ నోటి నుంచి బయటపడిందన్నమాట!

ఇంకో రుజువు, కొండలు లేని చోట కనిపిస్తుంది. పెరూ ఉత్తర, మధ్య భాగాల కింద, చిలీ మధ్యలో కొంత మేర పలక ఏటవాలుగా దిగకుండా దాదాపు బల్లపరుపుగా జరుగుతోంది. అక్కడ దాని మీద కరగడానికి వేడి రాయే లేదు. భూకంపాలు వస్తాయి, రగిలే కొండ ఒక్కటీ లేదు. వలయమంతా ఒకే మంట అనుకునేవాళ్లు ఈ ఖాళీలు చూడాలి. ఎక్కడికక్కడ పలక వేరు, దిగే వాలు వేరు, వేగం వేరు. చిలీ భూకంపం జపాన్ కొండను రాజేయదు. చాలా పెద్ద భూకంపం దగ్గర్లోనే సిద్ధంగా ఉన్న కొండను తట్టిలేపవచ్చు. 1960లో చిలీలో 9.5 తీవ్రతతో భూమి కంపించాక రెండు రోజుల్లోపే అక్కడి కోర్డాన్ కాయే పేలింది. అంతవరకే.

ఈ కొండలు హవాయిలోలా నెమ్మదిగా పొంగకుండా పేలడానికీ నీరే కారణం. గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సున పొంగినట్టు, జిగట మాగ్మాలో, అంటే లోపలి కరిగిన రాతిలో, కలిసి ఉన్న నీరు పైకి వచ్చేసరికి ఆవిరై దాన్ని తుత్తునియలు చేస్తుంది.

చంపేదీ నీరేనని మొదట్లో అన్నాను. 1985 నవంబరు 13న కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ రాత్రి 9 గంటలకు పేలింది. పేలుడు పెద్దదేం కాదు. కానీ శిఖరం మీది మంచు కరిగి, బురద వరదై లోయల్లోకి దూకింది. రెండున్నర గంటల తర్వాత, 70 కిలోమీటర్ల దూరంలో నిద్రపోతున్న ఆర్మెరో పట్టణాన్ని కప్పేసింది. 20 వేల మందికి పైగా పోయారు. ఆ ఊరికి ముప్పుందని చూపే మ్యాపు అంతకు నెల ముందే తయారైంది. ఆ మ్యాపు ఉండి కూడా ఊరు ఖాళీ కాలేదన్నది తలచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. అదే 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అంతకు ఎన్నో రెట్లు పెద్దగా పేలింది. ముందే వేల కుటుంబాలను తరలించారు. అయినా పేలుడు వేళ పోయినవాళ్లలో ఎక్కువమంది, అదే రోజు వచ్చిన తుపాను వానకు తడిసి బరువెక్కిన బూడిద కింద కప్పులు కూలి పోయారు.

హిందూ మహాసముద్రానికి తూర్పున ఇలాంటి బారే ఇంకొకటి ఉంది. జావా, సుమత్రా దాటి మన అండమాన్‌లోని బారెన్ దీవి వరకు వస్తుంది. అక్కడ కిందికి దిగేది మన పలకే. సుమత్రాలోని టోబా సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు ఆ బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురం దాకా వచ్చి పడింది. గాలికి రాలింది కొంతే, వాననీళ్లు కొట్టుకొచ్చి పోగేసింది ఎక్కువ. అలా జుర్రేరు లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది. తెల్లగా, ముఖానికి రాసుకునే పౌడర్ అంత మెత్తగా ఉండే ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంత ఉపద్రవం తర్వాతా అక్కడ మనుషులు బతికారు.

2004 డిసెంబరు 26న ఈ బారు కిందే పలక జారింది. అది ఆదివారం, పౌర్ణమి. ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే, విశాఖ తీరాన్ని అల తాకేసరికి తొమ్మిది దాటింది. ఆర్మెరోకు దొరికినట్టే, మనకూ రెండున్నర గంటలు దొరికాయి. చెప్పేవాళ్లు లేరు. రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు దిగినవాళ్లనూ కెరటం ఈడ్చుకుపోయింది.

ఇప్పుడు ఆ లోటు సగం తీరింది. సముద్రమే లేని హైదరాబాద్‌లో, సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి బులెటిన్ ఇవ్వడం దాని లక్ష్యం. మిగతా సగం, ఆ బులెటిన్ వల లాగుతున్న మనిషి చెవిన పడటం. ఒడిశాలో వెంకటరాయపూర్, నోలియాసాహి అనే రెండు పల్లెలు 2020లో సునామీకి సిద్ధంగా ఉన్నాయని యునెస్కో గుర్తింపు పొందాయి. నోలియాలు తెలుగు మూలాలున్న జాలర్లే. ఎటు పరుగెత్తాలో చూపే బోర్డులు, ఊరి మ్యాపు, ఊరంతా కలిసి చేసే మాక్ డ్రిల్లు. అక్కడ కుదిరిన ఈ ఏర్పాటు భీమిలి నుంచి నిజాంపట్నం దాకా ప్రతి జాలరి పేటలోనూ ఉందా అని మనం గట్టిగా అడగాలి.