లీవరు పట్టినవాడే దోషా?

పాత ప్రొక్లెయినర్ (మట్టి తవ్వే యంత్రం) కొందామని వచ్చినవాడు సీటెక్కి లీవరు పట్టి బూమ్ (దాని పొడవాటి చేయి) లేపగానే హోసు (ఆయిల్ పోయే రబ్బరు గొట్టం) పగిలి ఆయిల్ చిమ్ముతుంది. ఇంకా ధర తెగలేదు, బయానా చేతులు మారలేదు. అయినా యజమానులు ‘నీ చేతిలోనే పోయింది, పైసలు కట్టి కదులు’ అంటారు. జడ్చర్ల నుంచి సూర్యాపేట దాకా పాత యంత్రాల బేరాల్లో ఈ మాట ఆనవాయితీగా పాతుకుపోతోంది. ఇది అన్యాయం. దీన్ని ఇక్కడితో ఆపాలి.

తెలియనివాళ్లు వచ్చి లక్షల విలువైన బండిని ఆగం చేస్తారన్న యజమానుల గోడు అబద్ధం కాదు. ఆయిల్ వేడెక్కకముందే ఫుల్ రేస్ ఇచ్చినా, మెత్తటి నేలపై బక్కెట్ ఆనించి ఒక పక్క ట్రాక్ గాల్లోకి లేపి బండిని బోల్తా కొట్టించినా, జేసీబీ వేగంగా పోతుండగా ఒక్కసారిగా రివర్స్‌లోకి లాగి గేర్‌బాక్స్ చెడగొట్టినా ఆ ఖర్చు నడిపినవాడే పెట్టుకోవాలి. అందులో మాకు రెండో మాట లేదు.

కానీ గొడవలన్నీ అలాంటివేనా? 20 టన్నుల ప్రొక్లెయినర్‌లో హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడి 350 బార్ (ఒత్తిడి కొలమానం) దాకా పోతుంది. మట్టి తవ్వే ప్రతిరోజూ హోసు తట్టుకోవాల్సిన ఒత్తిడి అది. ఖాళీ బక్కెట్ లేపితేనే పగిలిన హోసు రాళ్ల నేలలో గంటసేపు నిలిచేదా? పగిలిన చోట కోసి చూస్తే తెలిసిపోతుంది. రబ్బరు బీటలు వారి, లోపలి ఉక్కు తీగ తుప్పుపట్టి ఉంటే అది ఏళ్లనాటి జబ్బు. మెయిన్ పంపు (ఆయిల్‌ను ఒత్తిడితో నెట్టేది) మూలిగి ఆగిపోతే హైడ్రాలిక్ ఫిల్టర్ విప్పి చూడాలి. ఇత్తడి పొడి పేరుకుని ఉంటే ఆ పంపు చాలాకాలంగా అరుగుతోందన్నమాట. పావుగంట పరీక్షలో అంత పొడి మామూలుగా రాలదు. ట్యాంకులో ఆయిల్ తక్కువ ఉండి పంపు గాలి పీల్చి దెబ్బతిన్నదంటే, లెవెల్ చూడకుండా తాళం చెవి ఇచ్చిందెవరని ముందు అడగాలి.

కొనేవాడు ఇవన్నీ చూడకుండా కొనలేడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి పొగ చూడాలి. నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి ఆవిరి తన్నుతోందా అని చూడాలి. పది పదిహేను నిమిషాలు వేడెక్కాక బూమ్, ఆర్మ్ (బూమ్‌కూ బక్కెట్‌కూ మధ్య ఉండే చేయి) చివరిదాకా చాపాలి. బక్కెట్ పైకెత్తి ఇంజిన్ ఆపి, పది నిమిషాల్లో ఎంత కిందికి జారిందో కొలవాలి (ఆ సమయంలో దాని కింద ఎవరూ నిలబడకూడదు). లోడ్ మీద నడిపాక టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) చల్లబడేందుకు మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి. ఇది ఆట కాదు, బేరంలో భాగం.

ఈ పరీక్షలో పోయినదంతా కొనేవాడి నెత్తిన వేయలేమని చట్టమూ చెబుతోంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యం మారేదాకా వస్తువు రిస్కు అమ్మేవాడిదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం వస్తువును చేతికి తీసుకున్నవాడు సగటు మనిషి తన వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంటే చాలు. లోపం తెలిసీ చెప్పకుండా అప్పగిస్తే, దానివల్ల నేరుగా జరిగిన నష్టం అప్పగించినవాడి మీదే పడుతుంది. ఇక లీవర్ల దగ్గర కూర్చున్నది యజమాని ఆపరేటరే అయితే, పక్కన నిలబడి చూసినవాణ్ని అడగడానికి ఏముంది?

మమ్మల్ని మండిస్తున్నది ఇందులోని రెండు నాల్కల ధోరణి. కొన్నాక పంపు పోతే ‘ఉన్నది ఉన్నట్టు అమ్మినం’ అంటారు. కొనకముందు పోతే ‘నువ్వు ముట్టుకున్నవ్’ అంటారు. మరి యజమాని బాధ్యత ఏ రోజున, ఏ పూట? ఫైనాన్స్ కంపెనీలు జప్తు చేసిన బండ్లను నెలల తరబడి ఎండలో, వానలో నిలబెట్టి, ఆయిల్ మార్చకుండా వేలానికి పెడుతుంటే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. కాలువ పనుల్లో ఏళ్లకేళ్లు ఇంకొకరి బండి నడిపి, అప్పోసప్పో చేసి సొంతంగా ఒకటి కొనుక్కుందామని వచ్చే పాలమూరు ఆపరేటర్ దీనికి ముందుగా బలవుతాడు. ఈ ఆనవాయితీ నిలిస్తే రేపు ఎవడూ లీవరు ముట్టడు. పోయేందుకు సిద్ధంగా ఉన్న పంపులన్నీ చూడకుండా కొన్నవాడి నెత్తినే పడతాయి.

బీమా ఉంది కదా అనుకోవద్దు. నిర్మాణ యంత్రాల పాలసీ బండి బోల్తా పడితే ఆదుకోవచ్చు గానీ, లోపలి భాగం దానంతట అదే చెడిపోతే పైసా ఇవ్వదు.

కావాల్సింది తెలుగులో ఒక్క పేజీ కాగితం. ఆయిల్, కూలెంట్ లెవెళ్లు, హవర్ మీటర్ (బండి ఎన్ని గంటలు నడిచిందో చూపేది) అంకె, తెలిసిన లోపాలు, ఎవరు నడుపుతారు, ఏయే పరీక్షలు చేస్తారు అన్నవి రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. పరీక్ష మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో వీడియో తీయాలి. ఏదైనా విరిగితే ఆ భాగాన్ని ఇద్దరికీ సంబంధం లేని మెకానిక్ ముందే విప్పాలి. అంతవరకు కొనేవాడి బండి తాళాలు, ఫోను లాక్కునే హక్కు ఎవరికీ లేదు. యార్డు యజమానులారా, రేడియేటర్‌లో నీళ్లున్నాయో లేదో కూడా చూడకుండా తాళం చెవి ఇచ్చి, ఇంజిన్ పట్టేశాక బిల్లు పుస్తకం తెరవడం వ్యాపారం కాదు. ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూపించండి.