ఉపసంహరణ గడువు మూడింటి వరకు

మన పార్టీల్లో ప్రజాస్వామ్యం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అధ్యక్షుడి ఎన్నికకు షెడ్యూలు ఉంది, నోటిఫికేషన్ ఉంది, రిటర్నింగ్ అధికారి ఉన్నాడు. లేనిదల్లా రెండో అభ్యర్థి. ఆ మాత్రానికే ఇంత రాద్ధాంతమా?

నాకు మహా ఇష్టమైన ఘట్టం నామినేషన్ల పరిశీలన. సీనియర్ నేత ఒకాయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని కట్ట విప్పుతారు. మొదటి సెట్టులో అధినేత గారి పేరు. రెండో సెట్టులోనూ అధినేత గారి పేరే. పదో సెట్టుకు వచ్చేసరికి పోటీ రసకందాయంలో పడుతుంది. తండ్రి పేరు సరిపోయిందా, సంతకం ఆయనదేనా అని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి మరీ చూస్తారు. ఇక మూడింటి దాకా ఉపసంహరణ గడువు. ఆయన మీద పోటీ నుంచి ఆయనే తప్పుకుంటే ఏం గతి? పందిరంతా టెన్షన్. మూడు దాటి ఒక్క నిమిషానికి పెద్దాయన గొంతు సవరించుకుని ‘ఏకగ్రీవం’ అంటారు. అధినేత ఉలిక్కిపడతారు! ఈలోగా, ముందురోజే అద్దెకు తెచ్చిన క్రేను గజమాలను పైకెత్తుతుంది.

1995 నుంచి తెలుగుదేశం వెతికి వెతికి చంద్రబాబు గారినే పట్టుకుంటోంది. 2021 అక్టోబరులో టీఆర్ఎస్ హైదరాబాద్‌లో ప్లీనరీ పెట్టి కేసీఆర్ గారిని తొమ్మిదోసారి కనిపెట్టింది. వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్లు తెలివైనవాళ్లు. మాటిమాటికీ ఈ శ్రమెందుకని 2022 జూలైలో గుంటూరు దగ్గర ప్లీనరీలో నియమావళి మార్చి, జగన్ గారిని జీవితకాల అధ్యక్షుణ్ణి చేసేశారు. ఎన్నికల సంఘానికే రసజ్ఞత లేక కుదరదంది.

1939లో, తెల్లవాడి ఏలుబడిలో, కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మన పట్టాభి సీతారామయ్య గాంధీ గారి అండతో నిలబడ్డారు. బోసుకు 1580 ఓట్లు, పట్టాభికి 1377. పట్టాభి ఓటమి నా ఓటమే అన్నారు గాంధీ. (గెలిచిన బోసును తర్వాత ఎలా సాగనంపారో మీకు తెలియంది కాదు.) అయినా సరే, ఓట్లు వేశారు. లెక్కపెట్టారయ్యా, లెక్కపెట్టారు! స్వతంత్రం వచ్చాక ఆ పాటి సిగ్గు కూడా ఎక్కడికి పోయింది? జెండా కోసం కేసులు మోసినవాడు, ఎకరం అమ్ముకున్నవాడు, లాఠీ దెబ్బకు మోకాలు పోగొట్టుకున్నవాడు... ఒక్క చీటీ ముక్క చేతికిచ్చి నీకెవరు కావాలిరా అని అడగడానికి నోరు రాదా మీకు?

అడగరు. రాత్రంతా లారీలో నిలబడి వచ్చినవాడికి ఓ పులిహోర పొట్లం ఇస్తారు. వాడింకా తింటూ ఉండగానే వేదిక మీంచి చేతులెత్తమంటారు. పొట్లం ఎక్కడ పెట్టాలో తోచక, పొట్లంతోనే ఎత్తుతాడు.