అద్దాల బోగీకి ఒక స్కూటర్ వాడి లేఖ

సికింద్రాబాద్–పుణె శతాబ్దికి తగిలించిన అద్దాల బోగీ గారికి,

మియాపూర్ నుంచి ఒక యాక్టివా యజమాని రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం, నా నడుము తప్ప. ‘గారు’ కూడా ఇక్కడితో ఆపేస్తున్నా. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ కోసం తిరిగి, రెండొందల పెట్రోలు తగలేసి, మెడ మాడేదాకా ఎండలో నిలబడితే నాకు మిగిలినవి 41 ఫోటోలు. అందులో 38 ఫోటోల్లో కరెంటు స్తంభం ఉంది. నువ్వున్నవి మూడు.

2022 ఆగస్టులో నిన్ను ఈ రైలుకి తగిలించినప్పుడే అనుకున్నా, నీ ఫోటో ఒక్కటి సొంతంగా తీసుకోవాలని. 44 సీట్లు, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, నెత్తిన అద్దం, ఆకాశం చూసుకుంటూ ప్రయాణం. నాకు కావలసింది ఆ నెత్తిన అద్దమే. చిక్కంతా అక్కడే ఉందని తెలియడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. నీ గొప్పంతా పైకప్పులో ఉంది, నేనేమో నేల మీద ఉన్నాను. పట్టాల పక్క నుంచి చూస్తే నువ్వు కాస్త పెద్ద కిటికీలున్న మామూలు ఏసీ పెట్టెవి, అంతే. పోనీ వంతెనెక్కి తీద్దామంటే, కింద 25 వేల వోల్టుల తీగ పోతుంది కాబట్టి వంతెనకి రెండు పక్కలా జాలీ కొట్టేసి ఉంటుంది. అది నా ప్రాణం కోసమేనని ఒప్పుకుంటా. కానీ ఆ కన్నాల్లోంచి ట్రయల్‌గా ఒక ఎంఎంటీఎస్ లోకల్ రైలుని తీస్తే, జైల్లో ఉన్నది రైలో నేనో అర్థం కాలేదు.

నువ్వు పొద్దున ఆరింటికి పుణెలో బయలుదేరి మధ్యాహ్నానికి ఇటు వస్తావు, మళ్ళీ మూడు లోపే తిరుగు ప్రయాణం. అంటే నాకు రోజుకి రెండు ఛాన్సులు.

మొదటిది బజ్జీల పాలైంది. శంకర్‌పల్లిలో మిర్చి బజ్జీ తిని, టీ తాగి, ఇంకో టీ తాగి బయలుదేరేసరికి దారిలో గేటు పడింది. ఎవరి కోసం? నీ కోసమే. గేటు పడితే గానీ నీకు సిగ్నల్ ఇవ్వరు. నిన్ను చూడడానికి వచ్చినవాణ్ణి నీ కోసమే ఆపేశారన్నమాట. నా ముందు వరిగడ్డి లారీ, దాని ముందు ఒక ఆటో. నువ్వొచ్చిన చప్పుడు విన్నాను, నేల అదిరింది, లారీలోంచి గడ్డి రాలి నా హెల్మెట్ మీద పడింది. గడ్డి మీద కూర్చున్న ఇద్దరు కూలీ కుర్రాళ్ళు మాత్రం లేచి నిలబడి, “అరే, పైన మొత్తం అద్దాలే రా, లోపల మనుషులు కనబడ్తున్రు” అని నవ్వుకున్నారు. నేను ఇరవై ఐదు కిలోమీటర్లు వచ్చింది దేని కోసమో, వాళ్ళకి అది కూర్చున్న చోటే దొరికింది. ఫోన్ తీయాలన్న ఆలోచన కూడా వాళ్ళకి రాలేదు.

తర్వాత రెండు గంటలు ప్రాక్టీస్. తాండూరు వైపు నుంచి వచ్చే గూడ్సులు, వేరే ఎక్స్‌ప్రెస్‌లు, ఏదొస్తే దాన్ని తీశా. అరవై డెబ్భై మీటర్లకో స్తంభం కాబట్టి మధ్యలో బోలెడు ఖాళీ ఉంది కదా అనుకున్నా. నొక్కిన అర సెకనుకి గానీ నా ఫోన్ పలకదని మర్చిపోయా. గంటకి వంద కిలోమీటర్లంటే సెకనుకి 28 మీటర్లు, అర సెకనుకి 14. నేను ఖాళీలో ఇంజన్ మొహం చూసి నొక్కితే అది స్తంభం వెనక్కి పోయి పోజిచ్చేది. ప్రతిసారీ.

దగ్గరికి వెళ్తే బాగా వస్తుందేమో, కానీ పట్టాల మీదికి మాత్రం పోలేదు. అనుమతి లేకుండా వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. జైలు సంగతి సరే, ఇంట్లో ఏం చెప్పుకోను? అసలే ఆ రోజు నేను ఇంట్లో చెప్పి వచ్చింది ‘ఆఫీసులో అర్జెంట్ పని’ అని. మా బామ్మర్ది అదే మధ్యాహ్నం పుణె వెళ్తున్నాడు, స్టేషన్‌లో దింపమంటే క్యాబ్ బుక్ చేసి తప్పించుకున్నా. మా అత్తగారు కట్టిచ్చిన ఆవకాయ జాడీని వాడు క్యాబ్‌లో పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడట.

అందుకని రైల్వే స్థలం బయట ఒక పొలంలో పెద్ద రాతి గుండు చూసుకుని ఎక్కా. ఇద్దరు మనుషుల ఎత్తుంటుంది. ఎక్కగానే పొలం పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“సర్వేకొచ్చిన్రా సార్? రింగు రోడ్డు ఇటే వోతదా?”

“లేదు పెద్దాయనా, రైలు ఫోటో తీద్దామని.”

ఆయన పట్టాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. “రైలా? గది రోజు వోతది గద.”

నిజమే. ఈ లైను 1874లో నిజాం డబ్బుతో కర్ణాటకలోని వాడి జంక్షన్ దాకా వేశారు, అప్పట్నుంచీ రోజూ పోతూనే ఉంది. అయినా ఆయన నమ్మలేదు. రింగు రోడ్డు సర్వేవాళ్ళు కూడా మొదట ఇట్లాంటి మాటలే చెప్తారట. నువ్వొచ్చేదాకా గుండు కింద కాపలా ఉన్నాడు, చేతిలో కర్రతో.

వచ్చావు. ఈసారి స్తంభం అడ్డం లేదు, పైకప్పు కూడా కనబడింది. కనబడింది అంటే, సూర్యుడు సరిగ్గా నీ అద్దాల మీద పడి, అక్కడ ఒక పెద్ద తెల్ల మచ్చ. మొదటి ఫోటో మచ్చ, రెండోది నా బొటనవేలు, మూడోది నువ్వు దూరంగా అగ్గిపెట్టంత. పెద్దాయన మాత్రం “అచ్చిందా సార్?” అని ఆప్యాయంగానే అడిగాడు. వచ్చిందన్నా.

అరకు వెళ్ళే మీ అక్క నయం. 2017 నుంచి తిరుగుతోంది, దారిలో 58 సొరంగాలు, అక్కడ అద్దం పైకప్పు లోపలివాళ్ళకి కూడా పనికిరాదు, అందరికీ సమానమైన చీకటి. (చిత్రం చూడు, తన దారిలో ఒక అనంతగిరి, నీ దారిలో వికారాబాద్ దగ్గర ఇంకో అనంతగిరి.) నువ్వో, ఆకాశం చూపిస్తానని డబ్బు తీసుకుని, పుణెకి ముందు వచ్చే, పక్షులకి పేరుపడ్డ భిగ్వాన్ నీళ్ళ దగ్గరికి చేరేసరికి బాగా చీకటి పడి, కొంగలన్నీ నిద్రపోయి ఉంటాయి. పదకొండింటికి పుణెలో దిగే జనం చివరి మూడు గంటలూ ఆ అద్దాల్లో చూసేది ట్యూబులైటునీ, తమ మొహాల్నీ.

ఇలా నిన్ను తిట్టుకుంటూ బండి స్టార్ట్ చేస్తుంటే ఫోన్ మోగింది. ఫ్యామిలీ గ్రూపులో బామ్మర్ది ఒక ఫోటో పెట్టాడు. నీ లోపల్నుంచి, నీ అద్దంలోంచి తీసింది. నీలం ఆకాశం, పచ్చటి పొలం, గుండు మీద నోరు తెరిచి, ఫోన్ ఎత్తి, ఒంటికాలి మీద నిలబడ్డ ఒక మనిషి, కింద కర్ర పట్టుకున్న పెద్దాయన. వెంట్రుక కూడా చెదరని ఫోకస్. స్తంభం లేదు. చొక్కా మా ఆవిడ కొన్నదే, హెల్మెట్‌కి గడ్డి కూడా కనబడుతోంది. కింద “బావ ఆఫీసు చాలా బాగుంది” అని రాశాడు. మా అత్తగారు చూసేశారని దాని కింద ఆవిడ పెట్టిన బొటనవేలు బొమ్మ.

మంగళవారం నీకు సెలవు కాబట్టి ఆ రోజు వెళ్ళి ఆవిడకి మొహం చూపించి వస్తా. బుధవారం మళ్ళీ అదే గుండు మీద ఉంటా. టోపీ, మాస్కు పెట్టుకుని.

ఇట్లు,
గుండు మీది మనిషి