సవరణ: గర్భస్రావానికి భర్త సంతకం అక్కర్లేదు

మన దేశంలో గర్భస్రావ చట్టం గురించి మొన్నటి పోస్టులో, పెళ్లయిన స్త్రీకి భర్త సమ్మతి తప్పనిసరి అని, పెళ్లికాని వాళ్లకు 20 వారాలే గడువు అని రాశాను. రెండూ తప్పే.

1971 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకు మాత్రం సంరక్షకుల రాతపూర్వక సమ్మతి ఉండాలి. కొన్నిచోట్ల భర్త సంతకం అడుగుతున్నారు. అది ఆసుపత్రి అలవాటే తప్ప చట్టం కాదు.

ఇక గడువు. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో, 24 వారాల దాకా వీలు కల్పించింది. అందులో అవివాహితలూ ఉంటారని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చింది. చట్టాన్ని, ఆ తీర్పును చూసుకునే ఇది రాస్తున్నాను.

పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి దీన్నీ వాళ్లకు పంపండి.