నడిచేవాళ్లకు ఒక వీధా?

ఒడిశాలోని మా బరంపురంలో బడా బజారు లాంటి వీధులను నడిచేవాళ్లకే వదిలేయాలని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. బండి వీధి మొదట్లో ఆపి, చీర కొనడానికి కాళ్లకు పని చెప్పాలట. కాళ్లు ఎక్సలేటరు తొక్కడానికి కాక ఇంకెందుకున్నాయో ఈ మేధావులకు తెలిసినట్టు లేదు.

అడిగితే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ చూపిస్తారు. 1962లో అక్కడ స్ట్రోయెట్ అనే వీధిలో కార్లు ఆపేశారు. ముందు గగ్గోలు పెట్టిన వ్యాపారులే తర్వాత గల్లాపెట్టెలు నింపుకున్నారు. సరే, అది చలిదేశం. మా ఎండలో ఎవరు నడుస్తారు? ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి పగటిపూట మోటారు బండ్లు నిషేధించారని, అక్కడా ఎండ కాస్తుందని ఎదురు చెప్పేవాళ్లతో మనకు వాదన వద్దు.

కాలిబాట వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అంటుంది. మా వీధిలో ఆ జాగా ఉంది. కాకపోతే దాని మీద మురుగుకాలువ దాటి ముందుకొచ్చిన కొట్టు మెట్టు, మెట్టు మీద అప్పడాల బస్తా, బస్తాకు ఆనించిన స్కూటరు, దాని మీద ఇంజను ఆపకుండా కూర్చున్న పెద్దమనిషి కూడా ఉన్నారు. అరకిలో అప్పడాలు కావాలి ఆయనకు. వెనక కారు హారను మోగుతున్నా చలించడు; చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు. ఇంతటి ఏకాగ్రతను భంగపరచడం పాపం.

నిజానికి నన్ను కలవరపెట్టేది కోపెన్‌హాగెన్ కాదు, మా ఠాకురాణి యాత్ర. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి దేశీబెహెరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. మూడు నాలుగు వారాలు ఊరు ఊరంతా కాలినడకన తిరుగుతుంది. ఘటాల ఊరేగింపులు, పులి వేషాలు, అడుగడుగునా రథాలు. పోలీసులు బండ్లను దారి మళ్లిస్తే ఒక్కరూ ధర్నా చేయరు. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ భుజాలు రాసుకుంటూ నడుస్తారు. ముసలమ్మలు మోకాళ్ల నొప్పుల మాటే ఎత్తరు. బండ్లు రాకపోతే బేరాలుండవని ఏడాది పొడుగునా చెప్పే గాజుల కొట్టాయన యాత్రకు ముందు రెట్టింపు సరుకు దించుకుంటాడు. ఎందుకండీ అంటే, "అంతా అమ్మవారి దయ" అంటాడు.

దీన్ని ఎవరూ రుజువుగా పట్టుకోకూడదని మనవి. అమ్మవారి ఆజ్ఞ వేరు, కార్పొరేషన్ ఉత్తర్వు వేరు. మొదటిదానికి భయపడతాం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఏ వీధిలోనైనా బండ్లను ఆపవచ్చట. ఆపనివ్వండి. కొట్ల యజమానుల బండ్లు, వాళ్ల అల్లుళ్ల బండ్లు, సరుకుల ఆటోలు, పెళ్లి బ్యాండు జనరేటరు, కార్పొరేటరు గారి కారు, ఆ కారు వెంట వచ్చే బైకులు, "రెండే నిమిషాలు" అని నిలిపేవాళ్లు, వీళ్లను మినహాయిస్తే మాకు అభ్యంతరం లేదు. తోపుడుబండ్లను మాత్రం రేపే తీయించాలి. వాటికి ఇంజను ఉండదు.