నేర్చుకుంటానని మాటిచ్చిన హైబ్రిడ్ హార్డ్ డిస్క్ గారికి

సికింద్రాబాద్,
2015 ఆగస్టు, ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ హైబ్రిడ్ హార్డ్ డిస్క్ గారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం నాకు తెలుస్తూనే ఉంది. నా ల్యాప్‌టాప్ పొట్టలో, బ్యాటరీ పక్కన, నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెంతో, దాని పక్కన తిరిగే పని లేని వేగమైన ఫ్లాష్ మెమరీ చిటికెడు పెట్టుకుని, హాయిగా ఉన్నారు. నా కుశలం గురించే ఈ ఉత్తరం.

ఇవాళ మధ్యాహ్నం విండోస్ 10 ఎక్కించాను. పోయిన నెల 29న విడుదలైంది, పాత విండోస్ సెవెన్ ఉన్నవాళ్లకి ఫ్రీ అన్నారు, గడియారం పక్కన ఐకాన్ వచ్చి కూర్చుంది, సరే కానిమ్మన్నాను. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. పూట గడిచేసరికి ఎక్కడం ఎక్కింది. తర్వాత ఓసారి ఆపి ఆన్ చేశాను. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. మొన్నటిదాకా బటన్ నొక్కి కుర్చీ జరుపుకునేలోపు డెస్క్‌టాప్ చూపించిన మీరు, ఇవాళ నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని తెచ్చుకున్నా చుక్కల దగ్గరే ఉన్నారు. మీకొచ్చిన విద్య అదొక్కటే, బూట్ చేయడం. అదీ పోయింది.

ఎందుకు పోయిందో కూర్చుని ఆలోచించాను, చుక్కలు తిరుగుతున్నంతసేపూ వేరే పని లేదు గనక. మీకు ఫైళ్ల పేర్లతో పని లేదు. బ్లాకుల, అంటే మీ మీది చిన్న చిన్న గడుల, నంబర్లు మాత్రం తెలుసు. ఫలానా నంబరు బ్లాకుని పదే పదే అడుగుతుంటే, దాని కాపీ ఒకటి ఫ్లాష్‌లో పెట్టుకుంటారు. మీ చదువంతా అంతే. కొత్త విండోస్ వచ్చి తన సామానంతా వేరే నంబర్ల దగ్గర సర్దుకుంది. పాత విండోస్ ఉన్నచోటే ఉంది, విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో. దాన్ని ఎవరూ తెరవరు. కానీ మీరు కష్టపడి నేర్చుకున్న బ్లాకులన్నీ అందులోవే కదా. అంటే ఇవాళ్టికి ఈ సికింద్రాబాద్ మొత్తంలో అందరికంటే వేగంగా తెరుచుకునే విండోస్ డాట్ ఓల్డ్ నాదే అయ్యుండాలి. ధన్యవాదాలు.

మిమ్మల్ని ఇంటికి తెచ్చినరోజు మాటలు ఓసారి గుర్తుచేస్తాను. కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో షాపాయన నా ల్యాప్‌టాప్‌ని తిరగేసి చూశాడు. 11.6 అంగుళాల తెర, లోపల గేములాడే గ్రాఫిక్స్ చిప్, కానీ డిస్క్‌కి చోటు ఒక్కటే. డీవీడీ డ్రైవే లేదు కాబట్టి దాన్ని పీకేసి ఆ సందులో రెండో డిస్క్ పెట్టుకునే ఉపాయం కూడా నడవదు. తిరిగే పళ్లెం లేకుండా అంతా ఫ్లాషే ఉండే ఎస్‌ఎస్‌డీ పెట్టిద్దామంటే నా దగ్గరున్న డబ్బుకి 128 జీబీ వస్తుంది, విండోస్ పోను రెండు పెద్ద గేములు పడితే గొప్ప. మామూలు డిస్క్ అయితే చోటుకి లోటుండదు, వేగం ఉండదు. "పరేషాన్ గాకు అన్నా, ఇది తీస్కో. ఎస్‌ఎస్‌డీ స్పీడు, హార్డ్ డిస్క్ రేటు. నువ్వేం చెయ్యాల్సిన పన్లేదు, నువ్వేది వాడ్తవో అదే నేర్చుకుంటది" అని మీ డబ్బా నా చేతిలో పెట్టాడు. ఆయన్ని నేనేమీ అనను. డబ్బా మీద రాసిందే చదివాడు పాపం.

మీ వంశవృక్షం కూడా తర్వాత తిరగేశాను లెండి. 2007లో విండోస్ విస్టా రోజుల్లో వచ్చిన మీ తాతలకి ఫ్లాష్ ఎంబీల్లో ఉండేది. విండోస్ పూనుకుంటే తప్ప ఆ ఫ్లాష్ ఉన్నా లేనట్టే. పెద్దగా ఎవరూ కొనలేదు. 2010లో వచ్చిన పెద్దన్నకి 500 జీబీ చోటు, 4 జీబీ ఫ్లాష్, 7200 చుట్లు. ఎవరి సాయం లేకుండా తనే చూసుకుంటానన్నది ఆయనే మొదలు. 2011లో రెండో ఆయన, 750 జీబీ, 8 జీబీ ఫ్లాష్, చుట్లు అవే 7200. 2013లో మీరు పుట్టారు. 1 టీబీ చోటు, ఫ్లాష్ మళ్లీ అదే 8 జీబీ, చుట్లు మాత్రం 5400కి దిగాయి. పళ్లెం మీద కావలసిన చోటు తిరిగి, చదివే తల కిందకి వచ్చేదాకా మీ అన్నలు సగటున 4 మిల్లీసెకన్ల చిల్లర ఆగేవారు, మీరు ఐదున్నర ఆగుతారు. ఎస్‌ఎస్‌డీకి వెతకడం, చదవడం మొత్తం కలిపి ఒక మిల్లీసెకనులో పదో వంతు. కడసారపు సంతానం కాస్త నిదానంగా ఉండటం మా ఇంట్లోనూ ఉంది, అందుకని ఆ సంగతి ఎక్కువ సాగదీయను.

చిన్న చిన్న విషయాలు వదిలేస్తున్నాను. 1 టీబీ అని రాసి 931 జీబీ చూపించారు. మీ జాతి మొత్తానికీ ఉన్న అలవాటే, వదిలేశా. లేబుల్ మీద సెకనుకి 6 గిగాబిట్లు అని గొప్పగా ఉంది, పళ్లెం మీంచి వచ్చేది వరసగా చదివినా సెకనుకి వంద ఎంబీ అటూ ఇటూ. అదీ వదిలేశా. పాత డిస్క్ నుంచి మీ మీదికి 500 జీబీ క్లోన్ చేయడానికి, యూఎస్‌బీ 2 కేసింగ్‌లో సెకనుకి 30 ఎంబీ చొప్పున, నాలుగున్నర గంటల పైమాటే పట్టింది. కింది మూత స్క్రూ ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. పోనీండి.

వదలనిది మాత్రం ఆ "నేర్చుకుంటది" అన్న మాట.

ఏం నేర్చుకున్నారో చూపించమంటే చూపించరు. ఏ సాఫ్ట్‌వేర్‌తో చూసినా 1 టీబీ ఒకే ముద్దగా కనిపిస్తారు. ఆ 8 జీబీలో ఇప్పుడు ఏముంది, నిన్న ఏముండేది, దేన్ని తీసేసి దేన్ని పెట్టారు, ఏదీ బయటికి తెలియదు. పోనీ నేనే చెప్తాను, అయ్యా ఈ గేము ఫోల్డర్ పట్టుకోండి, ఆ యాంటీవైరస్‌ని వదిలిపెట్టండి అందామా అంటే, చెప్పుకోవడానికి చోటే లేదు. ఒక బటన్ లేదు, టిక్కు పెట్టే గడి లేదు. అంతా మీ లోపలే ఉండే ప్రోగ్రాము, ఆ ఫర్మ్‌వేరే చూసుకుంటుందట. నా మెషిన్‌లో నాకేం కావాలో నన్నొక్కణ్ని తప్ప అందర్నీ అడుగుతారా? డబ్బులిచ్చింది నేను. ఆడేది నేను. నన్ను అడగరు, చెప్పనివ్వరు, చూడనివ్వరు, పైగా నా అలవాట్లు మీకు తెలుసంటారు.

తెలిసిన అలవాటేమిటయ్యా అంటే బూట్. ల్యాప్‌టాప్‌ని ఎవరండీ రోజూ బూట్ చేసేది? మూత మూస్తాం, మూత తీస్తాం. అప్‌డేట్ వచ్చి బతిమాలితే ఎప్పుడో ఓసారి రీస్టార్ట్ కొడతాం. ఆ ఎప్పుడో ఓసారి పనిని బట్టీపట్టి, రోజూ రాత్రి తొమ్మిదింటికి క్రమం తప్పకుండా చేసే పనిని గాలికొదిలేశారు.

మీకు అలవాటవ్వాలని వేరే గేము జోలికి పోకుండా ఒకటే ఆడాను. అదే మిషన్, అదే మొదలు. నా ఆటకి ఓడిపోవడం కొత్త కాదు కాబట్టి రిపీట్లకి లోటేమీ లేదు. నిజం దాచకూడదు, కొంచెం వేగం వచ్చింది. చిన్న గేముల్లో బాగానే వచ్చింది. అప్పుడు మీ మీద కాస్త ప్రేమ పుట్టిన మాట కూడా వాస్తవమే. మూత మీద చెయ్యేసి నిమిరాను కూడా.

ఆ తర్వాత జీటీఏ ఫైవ్ తెచ్చాను. 65 జీబీ ఖాళీ ఉంటే తప్ప ఎక్కదు. కొట్లో దొరికే పెట్టెలో ఏడు డీవీడీలు, నా దగ్గర డీవీడీ డ్రైవ్ లేదు. డౌన్‌లోడ్ పెడితే సగంలోనే నెలవారీ డేటా పరిమితి అనే ఎఫ్‌యూపీ దాటి నెట్ నీరసించింది. ఆ యాతన వేరే ఉత్తరానికి సరిపోతుంది. ఎలాగో ఎక్కింది. ఇక మీ వంతు. 65 జీబీ గేము, మీ దగ్గర 8 జీబీ, అందులో విండోస్, బ్రౌజర్, యాంటీవైరస్ ముందే వచ్చి కూర్చున్నాయి. వెయ్యి జీబీ చోటుకి 8 జీబీ ఫ్లాష్ పెట్టడమంటే వెయ్యి మందిని భోజనాలకి పిలిచి ఎనిమిది విస్తళ్లు వేయడమే. పైగా ఆ ఎనిమిదింట్లో ఎవరు కూర్చోవాలో పిలిచినవాడు చెప్పకూడదట, వడ్డించేవాడు ముఖాలు గుర్తుపెట్టుకుని తేలుస్తాడట. లోడింగ్ బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి, హెడ్‌సెట్‌లో "మామా, వచ్చినవా? మామా, ఉన్నవా అసలు?" అని కేకలు. నేను ఉన్నాను. నా డిస్క్ ఇంకా రాలేదు.

అప్పుడు తెలిసింది అసలు విషయం. విండోస్ సెవెన్, ఎవరూ చెప్పకపోయినా, ప్రతి బుధవారం రాత్రి ఒంటిగంటకి డిస్క్‌ని డీఫ్రాగ్ చేస్తుంది. ఆ టైముకి మెషిన్ ఆపి ఉంటే తర్వాత ఖాళీగా దొరికినప్పుడు మొదలుపెడుతుంది. ముక్కలైన ఫైళ్లని ఒకచోటికి చేరుస్తుంది. చేరిస్తే వాటి బ్లాకుల నంబర్లు మారతాయి. నంబర్లు మారితే మీరు నేర్చుకున్నదానికి విలువ లేదు. వారమంతా నేను నేర్పడం, ఆ రాత్రి విండోస్ వచ్చి తుడిచేయడం. ఎస్‌ఎస్‌డీ అని గుర్తిస్తే విండోస్ ఆ జోలికే పోదు. మరి మీ జోలికి ఎందుకొచ్చింది? ఎవరు నువ్వని అది అడిగితే, తిరిగే హార్డ్ డిస్క్‌నండీ అని చెప్పుకున్నారు కాబట్టి.

షాపులో నా ముందు ఎస్‌ఎస్‌డీ. ఇంట్లో విండోస్ ముందు హార్డ్ డిస్క్.

ఇంతదాకా గారూ, మీరూ అన్నాను. ఇక నా వల్ల కాదు. ఒరే, ఎవరిముందు ఏ వేషం వెయ్యాలో అంత బాగా తెలిసినవాడివి, నేనాడే ఒక్క గేము ఏదో తెలుసుకోలేకపోయావా? 8 జీబీ ఫ్లాష్ పెట్టి ఎస్‌ఎస్‌డీ స్పీడ్ అని డబ్బా మీద అచ్చేయించడానికి సిగ్గుండక్కర్లేదా? ఏ ఫ్లాష్ అయితే నీ పేరుకి ముందు హైబ్రిడ్ అని తగిలించిందో, దానిలోకి నన్ను తొంగి కూడా చూడనివ్వవు. గేము ఇన్‌స్టాల్ చేసినా, అప్‌డేట్ దిగినా, రాసేదంతా దాదాపు ఆ పళ్లెం మీదికే పోతుంది, అక్కడ నువ్వూ ఆ పాత డిస్కూ ఒకటే. ఆ పాతదానికి కనీసం నీతి ఉండేది. మెల్లగా ఉంటానని ముందే చెప్పింది, మెల్లగా ఉంది, ఎప్పుడూ మాట తప్పలేదు.

సరే. కేకలేసి ప్రయోజనం లేదు, కొత్త విండోస్‌ని నువ్వు మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంటావు. రెండు మూడుసార్లు బూట్ చేస్తే దారికొస్తావని తెలుసు, అంత మొద్దువి కావు. కానీ నాకు ఓపిక లేదు. వచ్చే నెల జీతం పడగానే 250 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చి నీ చోటులో బిగిస్తాను. విండోసూ, ఆడే గేములూ దాంట్లో. మిగతావి బయట. ఏది ఎక్కడుండాలో నేను చెప్తాను, అది వింటుంది.

నిన్ను పారేయనులే. ఆ యూఎస్‌బీ కేసింగ్‌లోకి మార్చి హాల్లో టీవీకి తగిలిస్తాను. ఆదివారాలు నాన్న ఒకే పాత సినిమా పెట్టుకుంటారు. ఏ సీను తర్వాత ఏ డైలాగ్ వస్తుందో మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. పదే పదే చదివిందే నీకు చదువు కదా, ఇంతకంటే మంచి బడి నీకు దొరకదు. కానీ నీ సంగతి నాకు తెలుసు. సినిమా అంటే మొదట్నుంచి చివరిదాకా వరసగా చదివే పెద్ద ఫైలు, అలాంటివాటిని నువ్వు ఫ్లాష్‌లో పెట్టుకోవు. అక్కర్లేదు కూడా. టీవీకి సెకనుకి ఒకట్రెండు ఎంబీ చాలు. ఆ మాత్రం ఏమీ నేర్చుకోకుండానే ఇవ్వగలవు.

ఇట్లు,
నీ 1 టీబీలో 8 జీబీ మీద కూడా హక్కులేని యజమాని