ఉప్పు తిన్న ఊరు

ఏ ఊరికైనా గతం ఉండటమే ఒక తలనొప్పి. దాన్ని టూరిస్టులకు చూపించాల్సి వస్తే ఇంకా టెన్షన్. దక్షిణ బ్రెజిల్‌లోని పెలోటాస్ ఈ సమస్యను పంచదారతో పరిష్కరించింది. గతం పీడిస్తున్న ఊళ్లన్నీ అక్కడికొక స్టడీ టూర్ వేసుకోవాలని నా వినయపూర్వక మనవి.

జనాభా దాదాపు 3 లక్షల 25 వేలు. బిరుదు 'దక్షిణాది యువరాణి'. బ్రెజిల్‌లో స్వీట్లకు పేరున్న ఊరు. గుడ్డు సొనలు, పంచదార పాకం, బాదం, కొబ్బరి: ఏది తిన్నా డాక్టరుకు చెప్పుకోలేని విధంగా ఉంటుంది.

యువరాణి పేరు మాత్రం పచ్చి తోలు నుంచి వచ్చింది. పెలోటా అంటే ఎద్దు తోలు అంచులు పైకెత్తి కట్టిన పడవ, మన తుంగభద్ర మీది పుట్టి లాంటిది. సామానుతో పాటు దొరగారు అందులో కూర్చుంటారు. తాడు పళ్ల మధ్య కరిచిపట్టి, ఈదుతూ లాగేది ఇంకొకడు. ఈ ఏర్పాటు ఊరికి బాగా నచ్చినట్టుంది, తర్వాత వందేళ్లు దాన్నే నడిపించారు.

1780లో జొజే పింటో మార్టిన్స్ అనే పోర్చుగీసు వ్యాపారి, ఈశాన్య బ్రెజిల్‌లోని సెయారాలో కరువు పడితే ఇక్కడికి వచ్చి, వాగు ఒడ్డున షార్కి తయారీ మొదలుపెట్టాడు. షార్కి అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొడ్డుమాంసం. మనవైపు ఉప్పుకండలనీ, వట్టి తునకలనీ అంటాం కదా, అదే. కాకపోతే మన పెరట్లో దండెం మీద నాలుగు ముక్కలు, అక్కడ ఓడలకు ఓడలు. కోసేది, ఉప్పు రుద్దేది, ఆరేసేది, నెత్తుట్లో నిలబడేది ఆఫ్రికా బానిసలు. సీజన్ నవంబర్ నుంచి మే దాకా, అంటే వాళ్ల ఎండాకాలం. చలికాలంలో ఎండ చాలదు కాబట్టి పని ఆగిపోవాలి. బానిసలకు సెలవు దొరికిపోతుందేమోనని యజమానులకు బెంగ పట్టుకుంది. అందుకని ఆ నెలల్లో ఇటుకలు చేయించారు.

మాంసం ఎవరికంటే, ఉత్తరాది చెరకు తోటల్లోనూ క్యూబాలోనూ పనిచేసే బానిసలకు. బానిసలు ఎండబెట్టింది బానిసలే తినాలి, మధ్యలో డబ్బు మాత్రం దొరలకు మిగలాలి. సర్క్యులర్ ఎకానమీ అని ఈమధ్య సెమినార్లు పెడుతున్నారు, వీళ్లు ఏ సెమినారూ లేకుండానే సాధించారు. తిరుగు ప్రయాణంలో ఓడలు ఖాళీగా రావడం దండగ కదా, పంచదార వేసుకొచ్చేవి. ఊరికి తీపి పేరు అలా వచ్చింది.

1835లో ఈ ప్రాంతం పదేళ్ల తిరుగుబాటుకు దిగడానికి షార్కి మీద, ఉప్పు మీద పన్నులు కూడా ఒక కారణం. ఉప్పు పన్ను అనగానే మనకు దండి యాత్ర గుర్తొస్తుంది. ఇక్కడ నడిచింది గుర్రాలు.

డబ్బు వచ్చాక సంస్కారం రాక తప్పదు. థియేటరు కట్టారు. 1873లో ఫ్రాన్స్ నుంచి ఫౌంటెన్ తెప్పించారు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు, వీళ్లు 1875లో స్కాట్లండ్ నుంచి ఇనుప ట్యాంకు దిగుమతి చేసుకుని మరీ తాగారు. అది ఇప్పటికీ నిలబడే ఉంది, చూడముచ్చటగా ఉంటుంది.

1820లో సెంటిలేర్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఇక్కడొక షార్కి దొర ఇంట్లో బస చేశాడు. ఆ ఇంటి హాల్లో పది పన్నెండేళ్ల నల్ల కుర్రాడు ఎప్పుడూ నిలబడే ఉండేవాడట. వాడి డ్యూటీ మంచినీళ్లు అందించడం, మిగతా బానిసలను పిలవడం. మొక్కల లెక్క రాసుకోవడానికి వచ్చిన మనిషి ఆ పిల్లవాడిని చూసి, ఇంతకన్నా దురదృష్టవంతుడిని నేనెరగనని రాసుకున్నాడు. అతిథి మర్యాద తెలియని మనిషి.

బానిసలను మాత్రం పెలోటాస్ దేశం కంటే నాలుగేళ్లు ముందే, 1884లో, విడిచిపెట్టింది. చాలామంది విషయంలో చిన్న షరతు: స్వేచ్ఛ ఇచ్చాం, ఇంకొన్నేళ్లు పాత యజమాని దగ్గరే ఊరికే పనిచేయాలి. సందడి ఆ రోజే అయిపోయింది, స్వేచ్ఛ వాయిదాల్లో అందింది.

ఇప్పుడు పాత షార్కి ఇళ్లలో కొన్ని చక్కగా ముస్తాబై పెళ్లిళ్లకు అద్దెకు దొరుకుతున్నాయి. పెళ్లికి బెంకజాదో అనే స్వీటు తప్పనిసరి. రెండు మెత్తటి కేకుల మధ్య తీపి క్రీము, పేరుకు అర్థం 'అన్యోన్య దంపతులు'. 2018లో కేంద్ర వారసత్వ సంస్థ ఈ ఊరి మిఠాయి సంప్రదాయాన్ని జాతీయ వారసత్వంగా గుర్తించింది. పసుపు పచ్చగా మెరిసే కిండిం అనే స్వీటు కూడా అందులోదే. ఆ మాట ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. ఆఫ్రికా మూలాలున్న ఓషున్ దేవతకు నైవేద్యం కూడా అదే. వంటింట్లో చేతులు ఎవరివో పేరే చెబుతోంది, కానీ నోట్లో స్వీటు పెట్టుకుని ఎవరు మాట్లాడతారు?

1986 నుంచి ఫెనదోసె అని మిఠాయిల జాతర జరుగుతోంది. నిర్వాహకులకు నాదొక చిన్న సూచన. అన్ని స్టాళ్ల మధ్య ఒకటి ఉప్పుకూ ఇవ్వండి. ఊరికే వద్దు, అద్దె తీసుకోండి. జాతర ఎలాగూ చలి రోజుల్లోనే కాబట్టి పక్కన నాలుగు ఇటుకలు కూడా పెట్టుకోవచ్చు. వెతుక్కోనక్కర్లేదు, పాత మేడల గోడల్లో ఇంకా గట్టిగానే ఉన్నాయి.